కంది కోతల కాలపు జ్వరం: గజపతి కొండల్లో ఒక మలేరియా కేసు

క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు, రాత్రి ఎనిమిది దాటాక కొండమీద నుంచి ఆశా అక్క ఫోన్ చేసింది. "పిల్లకి ఫిట్స్ వచ్చాయి. పిలిస్తే పలకడం లేదు. డోలీ కట్టి దింపుతున్నారు, అంబులెన్సుని గెడ్డ దాకా పంపండి" అంది. గెడ్డ అంటే మా వైపు కొండవాగు. అంతలో సిగ్నల్ పోయింది. ఆ గూడెం నుంచి బండి వచ్చే చోటికి మామూలుగా రెండు గంటల నడక. చీకట్లో, భుజాన డోలీతో అయితే ఇంకా ఎక్కువ. పిల్ల మా కేంద్రానికి చేరేసరికి పదకొండున్నర అయింది. పన్నెండేళ్లుంటాయి. ఒళ్లు కాలిపోతోంది, పళ్లు గట్టిగా కరుచుకుని ఉంది.

మలేరియా పరీక్ష కిట్ మీద రక్తం చుక్క వేసి, బఫర్ పోసి పదిహేను ఇరవై నిమిషాలు ఆగి చూడాలి. ఆరోజు ఫాల్సిపారం, అంటే ప్రాణాంతకమైన రకం మలేరియా క్రిమి గీత, రెండు మూడు నిమిషాల్లోనే చిక్కగా తేలింది. రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉంది. డాక్టరు గారు గ్లూకోజు ఎక్కించి, ఆర్టిసునేట్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. వెంటనే ఒకటి, 12 గంటలకు ఒకటి, 24 గంటలకు ఇంకొకటి. మర్నాడు మధ్యాహ్నం కళ్లు తెరిచి, పక్కనే కూర్చున్న నాయనమ్మని సవరలో నీళ్లు అడిగింది. మింగగలిగాక మూడు రోజుల ఏసీటీ (మలేరియా మాత్రల) కోర్సు కూడా పూర్తిచేయించి ఇంటికి పంపాం.

పిల్ల దక్కింది కాబట్టి ఈ కేసు గురించి ఇంత నెమ్మదిగా రాయగలుగుతున్నాను. ఊరి పేరు, సంవత్సరం, మనుషుల పేర్లు కావాలనే రాయలేదు. ఇదే పనిలో ఉన్న తెలుగువాళ్లు అటు సీతంపేట, మెళియాపుట్టి వైపు, ఇటు గుణుపూరు, కాశీనగర్ వైపు చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందనే రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి, ఒడియాలో పారళాఖెముండి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఆ రాష్ట్రంలోకి వెళ్లింది, చుట్టరికాలు మాత్రం రెండువైపులా ఉండిపోయాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్లో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకోవడానికి ఈ కొండలే తిరిగారు. మన్యం జ్వరం పట్టుకుంది. క్వినైన్ అతిగా వాడాల్సి వచ్చి చెవులు పోయాయి. ఏటా ఆగస్టు 29న అందరూ ఆయన వ్యావహారిక భాష గురించి మాట్లాడుకుంటుంటే నాకు మాత్రం ఆ చెవుడే గుర్తొస్తుంది. ఒక భాష నేర్చుకోవడానికి కొండెక్కిన మనిషి దగ్గర మలేరియా వసూలు చేసిన మూల్యం అది. ఆ కొండలమీదే పుట్టి పెరిగే పిల్లల దగ్గర ఇప్పటికీ వసూలు చేస్తూనే ఉంది.

అలాగని ఏమీ మారలేదంటే అబద్ధం. 2016లో ఒడిశాలో నాలుగు లక్షలకు పైగా మలేరియా కేసులు నమోదయ్యాయి. 2018కి అవి డెబ్బై వేల లోపుకు దిగాయి. దానికి రెండు పెద్ద కారణాలున్నాయి. ఒకటి, మందు పట్టించిన దోమతెరలు. 2017లో రాష్ట్రమంతటా కోటికి పైగా పంచారు. రెండోది, అదే ఏడాది మొదలైన దమన్ కార్యక్రమం. దుర్గమ అంచళరే మలేరియా నిరాకరణ అన్నది దాని పూర్తి పేరు. దారీతెన్నూ లేని గూడేలకు వానలకు ముందొకసారి, వానల తర్వాత ఒకసారి వెళ్లి, జ్వరం ఉన్నా లేకున్నా ఊళ్లో అందరికీ పరీక్ష చేస్తాం. పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ మందిస్తాం. ఈ కొండల్లో పుట్టినవాళ్లకు చిన్నప్పటి నుంచి పదేపదే మలేరియా వచ్చి కొంత తట్టుకునే శక్తి ఏర్పడుతుంది. ఒంట్లో క్రిమి ఉన్నా జ్వరం రాదు. కట్టెలు మోస్తారు, సంతకు వెళ్తారు, దోమలకు మాత్రం ఆ క్రిమిని అందిస్తూనే ఉంటారు. జ్వరం వచ్చినవాళ్లనే వెతికితే వీళ్లెప్పటికీ దొరకరు. దమన్ బలమంతా అక్కడే ఉంది.

ఆ పిల్ల గూడెంలో కూడా ఆ అక్టోబరులోనే దమన్ శిబిరం జరిగింది. పరీక్షలు చేశాం, మందులిచ్చాం, దోమతెరలు అంతకుముందే అందాయి, గోడలకు మందు కొట్టడం అయిపోయింది. రికార్డుల్లో ఎక్కడా ఖాళీ లేదు. అక్టోబరుకి శుభ్రంగా ఉన్న గూడెంలో డిసెంబరుకి ఒక పిల్ల డోలీలో చావు అంచుదాకా ఎలా వెళ్లింది?

ఇక్కడ నేనొక తప్పు చేశాను. పిల్ల ఆశ్రమ పాఠశాలలో చదువుతోందని తెలియగానే, కేసు ఫారంలో "బయటి నుంచి వచ్చిన ఇన్ఫెక్షన్" అని రాసేశాను. హాస్టల్లో తెచ్చుకుని ఉంటుందన్నది నా లెక్క. అలా రాసేస్తే గూడెం లెక్క శుభ్రంగానే ఉంటుంది, ఇంకేమీ వెతకనక్కర్లేదు. మా పనిలో అందరికంటే ప్రమాదకరమైన మాట ఈ "బయటి నుంచి" అన్నదే. రెండో రోజు స్కూలుకి ఫోన్ చేస్తే హాస్టల్లో ఎవరికీ జ్వరాల్లేవన్నారు. వెళ్లి పరీక్ష చేస్తే ఒక్కటీ పాజిటివ్ రాలేదు. అప్పుడు నాయనమ్మని కూర్చోబెట్టి అడిగాను, పిల్ల ఇంటికి ఎప్పుడొచ్చిందని. తమ్ముడు పుట్టాడని నవంబరు నెలాఖరులో వచ్చి మళ్లీ స్కూలుకి వెళ్లలేదట. జ్వరం మొదలైంది డిసెంబరు 17 ప్రాంతంలో. దోమ కుట్టాక ఫాల్సిపారం జ్వరంగా బయటపడటానికి తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. వెనక్కి లెక్కపెడితే కుట్టింది ఇక్కడే, వాళ్ల ఊళ్లోనే.

మధ్యలో నాలుగు రోజులు ఏమైందో కూడా తెలిసింది. కొండకు అటువైపు దిగి, ఆంధ్ర వైపున్న ఒక ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారు. అది దగ్గర, పైగా అక్కడ తెలుగు మాట్లాడితే సరిపోతుంది. సూదేశాడు, సెలైన్ పెట్టాడు, జ్వరం తగ్గింది, మళ్లీ వచ్చింది. పరీక్ష మాత్రం జరగలేదు. జ్వరం వచ్చిన ఇరవైనాలుగు గంటల్లో వేలిమీద ఒక్క సూదిపోటు పడి ఉంటే డోలీ కట్టాల్సిన పని ఉండేది కాదు.

ఫారంలో రాసింది కొట్టేసి, మర్నాడే టీంతో గూడెం ఎక్కాం. నలభై గడపలు లేని ఊరు. రెండు రోజులపాటు ఇల్లిల్లూ తిరిగి అందరికీ పరీక్షలు చేశాం. దమన్‌లో మందు మింగినవాళ్లకు కిట్ మళ్లీ పాజిటివ్ చూపించొచ్చు. కిట్ పట్టుకునేది ఫాల్సిపారం వదిలే ఒక ప్రొటీన్‌ని, క్రిమి చచ్చాక కూడా అది రక్తంలో కొన్ని వారాలు ఉండిపోతుంది. అందుకే కిట్‌తో పాటు ప్రతి ఒక్కరికీ స్లైడు కూడా తీశాం. స్లైడులో పదకొండుమందికి ఫాల్సిపారం కనిపించింది. అందులో ఎనిమిది మందికి జ్వరమే లేదు. ఐదు స్లైడుల్లో నెలవంకలున్నాయి.

ఈ నెలవంకల గురించి కొంచెం చెప్పాలి. స్లైడుకి రంగు పట్టించి, నూనె చుక్క వేసి నూరు రెట్ల లెన్సు కింద పెడితే, ఫాల్సిపారం మామూలుగా చిన్న చిన్న ఉంగరాల్లా కనిపిస్తుంది. అవి మనిషికి జ్వరం తెచ్చేవి. వాటిలో కొన్ని పది పన్నెండు రోజుల్లో సన్నటి అరటిపండు ఆకారానికి, నెలవంకలా మారతాయి. మధ్యలో నల్లటి గింజల్లాంటి చుక్కలుంటాయి. వాటివల్ల మనిషికి ఏ బాధా ఉండదు. దోమకి ఎక్కేవి మాత్రం అవే. ఏసీటీ ఉంగరాలను చంపుతుంది గానీ, ముదిరిన నెలవంకలను సరిగ్గా చంపలేదు. వాటికోసమే రెండో రోజు ఒక్క డోసు ప్రైమాక్విన్ ఇస్తాం, పెద్దవాళ్లకైతే 45 మిల్లీగ్రాములు. జ్వరం తగ్గింది కదా అని ఈ ఒక్క డోసూ మింగకపోతే ఆ మనిషి బాగుపడతాడు, ఊరు బాగుపడదు. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవాళ్లకు ఇది ఇవ్వకూడదు. ఎవరికిచ్చినా, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే ఆపేసి వెంటనే కబురు చేయమని ఇంట్లో ఇద్దరికి చెప్పి వస్తాం.

పదకొండుమంది దొరికారు సరే. వీళ్లకే ఎందుకొచ్చింది? ఇళ్లు ఒకచోట లేవు, వయసులు కలవవు. ఇళ్లలో దోమతెరలు కట్టే ఉన్నాయి, నేనే లోపలికెళ్లి చూశాను. గోడలకు మందు కొట్టిన గుర్తులున్నాయి. మా ఫారంలో "దోమతెర వాడుతున్నారా?" అనే గడి ఉంది. అందరూ అవుననే అన్నారు, అది నిజమే. సాయంత్రం ఒక తాత చలిమంట దగ్గర కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. "తాతా, నిన్న రాత్రి ఈ తెరలోనే పడుకున్నావా?" అని అడిగాను. నావైపు వింతగా చూశాడు.

"పంటంతా కొండమీదుంటే ఇంటికాడ ఎవులు పడుకుంటారు బాబూ?"

మా ఫారంలో లేని ప్రశ్న అది. పోడులో కంది కోతకొచ్చే కాలం నవంబరు నుంచి జనవరి దాకా. రాత్రిళ్లు అడవిపందులు పడతాయి. అందుకని ఇంటికి ఒకరో ఇద్దరో పోడు దగ్గర గుడిసె వేసుకుని అక్కడే పడుకుంటారు. ముసలివాళ్లు, వాళ్లకు తోడు పిల్లలు. ఆ పన్నెండేళ్ల పిల్ల రెండు వారాలు నాయనమ్మ పక్కన పడుకున్నది ఆ గుడిసెలోనే. పాజిటివ్ వచ్చిన పదకొండుమందిలో తొమ్మిదిమంది అలా గుడిసెల్లో పడుకున్నవాళ్లే.

మర్నాడు సాయంత్రం పురుగులు పట్టే కుర్రాడిని వెంటబెట్టుకుని ఆ గుడిసెల దగ్గరికి దిగాను. నాలుగు గుంజలు, పైన గడ్డి కప్పు, ఒకవైపు మాత్రం తాటాకు దడి. గోడలే లేవు, ఇక మందెక్కడ కొడతారు? పదిహేను అడుగుల దూరంలో గెడ్డ. వానాకాలంలో ఉరకలేసే గెడ్డ డిసెంబరులో నెమ్మదిగా, అద్దంలా పారుతుంది. అంచున గడ్డి నీళ్లలోకి వంగి ఉన్నచోట తెల్ల గరిటె ముంచి తీస్తే పిల్లపురుగులు కనిపించాయి. మురుగునీటి దోమల పిల్లలు తలకిందులుగా వేలాడతాయి. ఇవి నీటిమట్టానికి సమాంతరంగా, పుల్ల ముక్కల్లా పడుకుని ఉన్నాయి. నీడ పడితే వెనక్కి జారుకుంటున్నాయి. అంటే అనాఫిలిస్. రాత్రి టార్చి వేసి గుడిసె కప్పులో, పడుకున్నవాళ్ల కాళ్ల దగ్గర గొట్టంతో పీల్చి పట్టిన దోమల్లో ఎక్కువ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. చిన్న దోమ. ఒళ్లు ఏటవాలుగా పైకెత్తి కూర్చుంటుంది. కొండవాగుల్లో పెరుగుతుంది, ఈ ప్రాంతంలో ఎక్కువగా మనిషి రక్తమే తాగుతుంది, వానలు వెనకబడ్డాక చలికాలంలో ఎక్కువవుతుంది. అంటే ఈ దోమ పెరిగే కాలం, కంది కోతల కాలం, గోడలకు కొట్టిన మందు పని తగ్గిపోయే కాలం మూడూ ఒకటే.

గెడ్డకు అవతల కూడా గుడిసెలున్నాయి. అవి ఆంధ్ర వైపు సవరలవి. ఇక్కడ గెడ్డే రాష్ట్రాల సరిహద్దు. సాయంత్రం అవతలి ముసలాయన ఇవతలికొచ్చి నిప్పు తీసుకెళ్తాడు, ఇవతలి పిల్లలు అవతల ఉప్పు అడుగుతారు. దోమకు ఒడిశా, ఆంధ్ర తేడా తెలియదు. మా రిజిస్టర్లలో మాత్రం ఈ గుడిసెలు అటూ లేవు, ఇటూ లేవు. మేం ఇళ్లు లెక్కపెడతాం, ఇవి ఇళ్లు కావు.

తర్వాత ఏం చేశామో చెబుతాను. పాజిటివ్ వచ్చిన పదకొండుమందికీ వయసునుబట్టి రంగుల అట్టల్లో వచ్చే ఏసీటీ ఇచ్చాం. పసుపు ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలకు, ఆకుపచ్చ ఐదు నుంచి ఎనిమిది, ఎరుపు తొమ్మిది నుంచి పద్నాలుగు, తెలుపు పెద్దవాళ్లకు. మొదటి డోసు మా ఎదుటే, మిగతావి ఆశా అక్క ఎదుట. గుడిసెల్లో పడుకునేవాళ్ల మందులు ఊళ్లో పెడితే లాభం లేదని ఆమె రోజూ సాయంత్రం పోడు దాకా నడిచి వెళ్లింది. ఆ మూడు రోజుల నడకకి ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

దోమతెరల దగ్గర ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. ఇద్దరికి ఒక తెర చొప్పున ఇస్తారు, అది ఇంటి లెక్క. ఇంట్లో తల్లీ పసిబిడ్డా పడుకోవాలి, పోడు దగ్గర నాయనమ్మా మనవరాలూ పడుకోవాలి. ఒక్క తెర రెండుచోట్ల ఉండదు కదా. పంపిణీలో మిగిలిన తెరలకోసం పైవాళ్లకు రాసి, ఒప్పించి, గుడిసెకొకటి చొప్పున అదనంగా ఇచ్చాం. కట్టడం నేను అనుకున్నంత తేలిక కాలేదు. నలుచదరపు తెరకి నాలుగు మూలలా ఊతం కావాలి, గుడిసెలో మనిషి వంగితే గానీ తిరగలేడు. తాతే దారి చూపించాడు. నాలుగు వెదురు కర్రలు పాతి, మంచంలా చట్రం చేసి, తెర దానికి తగిలించి, అంచులు గోనెసంచి కిందకి దోపాడు. తర్వాత అన్ని గుడిసెల్లోనూ అదే పద్ధతి పెట్టుకున్నారు. కొత్త తెర వాడితే మొహం మండుతోందని ఇద్దరు తీసేశారు. కవరు విప్పాక ఒక రోజు నీడలో ఆరేస్తే ఆ మంట ఉండదని మేం ముందే చెప్పాల్సింది. చెప్పలేదు, అది మా లోపమే. ఎండలో ఆరేసినా, రాయిమీద వేసి బాదినా మందు పోతుందని అప్పుడు కూర్చోబెట్టి చెప్పాం. జాగ్రత్తగా ఉతికితే ఇరవై ఉతుకుల దాకా పనిచేస్తుంది.

దోమతెరలు ఇస్తే చేపలు పడతారు, కోళ్ల మీద కప్పుతారని చాలామంది ఆఫీసర్లు అనడం విన్నాను. ఆ గూడెంలో కోళ్ల గంప మీద కప్పిన తెరలు నేనూ చూశాను, అన్నీ చిరిగిపోయిన పాతవే. కొత్త తెరను ఎవరూ కోళ్లకి కప్పలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలనిపించింది, ఎందుకంటే ఆ అపనమ్మకంతోనే అదనపు తెరల ఫైలు మూడు వారాలు ఆగింది.

పనికిరానివి కూడా చెప్పాలి. గెడ్డలో గంబూసియా చేపలు వదలమని సలహా వచ్చింది, వదిలాం. బావుల్లో, చెరువుల్లో అవి పిల్లపురుగుల్ని బాగా తింటాయి. పారే నీళ్లలో నిలవలేదు, వారానికే ఒక్కటీ కనిపించలేదు. దానికంటే గెడ్డ అంచున గడ్డి కోసి, నీళ్లు నిలిచిన పక్కమడుగులకు గాడి కొట్టి పారించడమే మేలైంది. ఆ పని ఊరి కుర్రాళ్లు రెండు పూటల్లో చేశారు. పొగ మిషను పంపమని కూడా ఒత్తిడి వచ్చింది. పొగ కనిపిస్తుంది, ఫొటోలో బాగుంటుంది. గాలి వీచే కొండమీద, గోడల్లేని గుడిసెల మధ్య అరగంటలో చెదిరిపోతుంది. వద్దని రాసి పంపాను.

అన్నిటికంటే కష్టమైంది గెడ్డ అవతలి సంగతి. నాకు ఆంధ్ర వైపు అధికారం లేదు, వాళ్లకి ఇటు లేదు. కాగితం పైకెళ్లి, రెండు రాజధానులు తిరిగి కిందికి రావాలంటే కంది కోతలు అయిపోతాయి. అవతలి మలేరియా సూపర్‌వైజర్ నంబరు సంతలో ఒక టీ కొట్టాయన ద్వారా దొరికింది. ఫోన్ చేశాను. ఆయనకీ అదే సమస్య ఉంది. ఆయన కేసుల్లో కొన్ని "ఒడిశా నుంచి వచ్చినవి" అని రాసి ఉన్నాయి, నావాటిలో కొన్ని "ఆంధ్ర నుంచి వచ్చినవి" అని రాసి ఉన్నాయి. ఇద్దరం ఒకే గెడ్డని ఒకరిమీద ఒకరం నెట్టుకుంటున్నాం.

ఒక ఆదివారం పాతపట్నంలో కూర్చుని రెండు జాబితాలు పక్కపక్కన పెట్టాం. పేర్లు కలవలేదు. నా జాబితా ఒడియాలో, ఆయనది తెలుగులో. ఒకే గూడేనికి ఒడియాలో ఒక పేరు, తెలుగులో ఇంకోటి, సవరలో మూడోది. ఒకే మనిషి పేరు రెండు రకాలుగా రాసి ఉంది. చివరికి తండ్రి పేరు, వయసు, పోడు ఏ గెడ్డ పక్కన అన్న మూడింటితో పోలిస్తే తేలింది. కొందరు రెండు జాబితాల్లోనూ ఉన్నారు, కొందరు రెంట్లోనూ లేరు. లేనివాళ్లే మాకు ముఖ్యం. ఆరోజు నుంచి మా ఇద్దరి ఫారాల్లోనూ చేత్తో ఒక గడి గీసుకున్నాం: "గత మూడు వారాల్లో రాత్రిళ్లు ఎక్కడెక్కడ పడుకున్నారు?" రెండువైపుల ఆశాలనూ, అవతలి ఆర్‌ఎంపీని కూడా ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఆర్‌ఎంపీని చేర్చడం మా టీంలో కొందరికి నచ్చలేదు. కానీ జనం మొదట వెళ్లేది ఆయన దగ్గరికే. జ్వరం వస్తే ముందు ఆశా దగ్గర పరీక్ష చేయించమని పంపడానికి ఆయన ఒప్పుకున్నాడు, మాటమీద నిలబడ్డాడు కూడా.

మరుసటి ఏడాది నవంబరు మొదటి వారంలో, కంది కోతలకు ముందే, రెండువైపులా ఒకే రోజు గుడిసెలకు వెళ్లి పరీక్షలు చేశాం. ఇటు మేం, అటు వాళ్లు, మధ్యలో గెడ్డ. ముగ్గురు దొరికారు, అక్కడే మందిచ్చాం. డిసెంబరు నెలాఖరు వరకు ఆ గూడెంలో ఇంకో ఇద్దరికి వచ్చింది. ఇద్దరిదీ మామూలు జ్వరమే, మొదటి రోజే పట్టుకున్నాం. డోలీ కట్టాల్సిన అవసరం రాలేదు. ఒక్క గూడెం, ఒక్క ఏడాది లెక్క ఇది. దీన్నిబట్టి జిల్లా అంతటికీ చెప్పలేను. పైగా ఈమధ్య ఏళ్లలో రాష్ట్రంలో కేసులు మళ్లీ పైకి లేచాయి.

ఆ ఇద్దరిలో ఒకామె గెడ్డ అవతలికి కోడలుగా వెళ్లి, పురిటికి పుట్టింటికొచ్చిన అమ్మాయి. "ఎక్కడ పడుకున్నావమ్మా?" అంటే అత్తవారి పోడులో అని చెప్పింది. ఆమె ఇంకా మా ఎదుట కూర్చుని ఉండగానే అవతలి సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున్నే ఆయన ఆ పోడు ఎక్కాడు. మధ్యాహ్నానికి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. బండమీద వరసగా పెట్టిన ఆరు కిట్లు, పక్కన ఎర్ర అట్ట ఒకటి, మాత్ర మింగుతున్న పిల్లాడు.